జట్టుకు పేరిచ్చిన పలార్డీ

మా సెంట్ ఎల్మీర్ ఊరి మంచు హాకీ జట్టుకు సొంత పేరంటూ ఏనాడూ లేదు. ఏ చలికాలం ఏ వ్యాపారి డబ్బు కడితే, ఆ చలికాలం ఆ కొట్టు పేరే జట్టు పేరు. పరుపుల కొట్టు పేరుతో కొన్నాళ్లు ఆడాం. కార్ల సైలెన్సర్లు మార్చే షెడ్డు పేరుతో కొన్నాళ్లు ఆడాం. ఒక ఏడాది శవపేటికల కంపెనీ వాళ్లు ముందుకొచ్చారు. ఆ ఏడు మా కుర్రాళ్లు గుండెల మీద నల్ల శిలువ వేసుకుని ఊరూరా తిరిగి ఓడిపోయారు. నదికి అవతలి ఊరు బెల్‌రోష్ వాళ్లయితే మేం వెళ్లిన రోజు గుమ్మంలో పూలదండలు పెట్టి, అందరూ లేచి టోపీలు తీసి, ఒక నిమిషం మౌనం పాటించారు. అయినా మా ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు ‘ఛీ, ఇదేం పేరు’ అనలేదు. చావు గౌరవమైన వ్యాపారమే కదా.

నేను జట్టు ఆడే మంచు అరీనాలో తిండి కౌంటరు నడిపేదాన్ని. వేయించిన బంగాళాదుంపల పుటీన్ గిన్నెల్లో వేడివేడి గ్రేవీ పోస్తూ అందరి మాటలూ వినేదాన్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుండేది జట్టు సంగతి. మావాళ్లు పేరుకే వృత్తి ఆటగాళ్లు. వారమంతా ఇళ్లకు పైకప్పులు వేస్తారు, జైల్లో కాపలా కాస్తారు, శుక్ర శనివారాల్లో మంచు మీదికొచ్చి పళ్లు రాలగొట్టుకుంటారు. అందుకు జీతం కవరులో పెట్టి ఇవ్వాలి. పరుపుల కొట్టు కాలంలో కవరు నిండకపోతే ఒక పరుపు ఇచ్చి పంపేవారు. గోలు కాసే మా గోలీ ఇంట్లో మనుషులు ఇద్దరు, పరుపులు ఐదు.

రొజే పలార్డీ ఈ ఊరివాడే. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ అతనిది, అతని తండ్రిదీ అదే పని. మా కొండవైపు ఇళ్లకు మురుగు కాలువ లేదు. ఎంత గొప్పవాడి ఇల్లయినా రెండేళ్లకోసారి పలార్డీ గొట్టం పెరట్లోకి రావలసిందే. వచ్చిన రోజు ఇంటివాళ్లు కిటికీలు బిగించుకుని అద్దం వెనకనుంచి చెయ్యి ఊపుతారు. అరీనాలో అతని సీటుకు అటూ ఇటూ ఎప్పుడూ ఖాళీయే. నిజానికి అతనంత శుభ్రమైన మగవాడు ఈ ఊళ్లో లేడు. కౌంటరు వెనక నిలబడి అందరి వాసనలూ పీల్చినదాన్ని, నన్నడగండి చెబుతాను.

“ఏం రొజే, కాళ్లు చాపుకోడానికి బాగుందా?” అని నేను ఏడిపిస్తే, “మేయరుక్కూడా ఇంత చోటు లేదే లుసెట్” అని నవ్వేసేవాడు.

మూడేళ్ల కిందట, ఆకులు రాలే రోజుల్లో, అప్పటిదాకా డబ్బు కడుతున్న పెట్రోలు బంకువాడు చేతులెత్తేశాడు. జట్టు అధ్యక్షుడు నోటరీ విన్యో అరీనా మేడ మీద సభ పెట్టాడు. ఊరంతా వచ్చింది. ‘జట్టు పోతే ఊరు పోయినట్టే’ అని మేయరు గద్గద స్వరంతో చెప్పాడు. ఫర్నిచరు దుకాణం గోబెయ్ గుండె మీద గుద్దుకున్నాడు. ముసలమ్మలు ముక్కులు చీదారు. అంతా అయ్యాక నోటరీ “మరి డబ్బెవరు కడతారు?” అని అడిగేసరికి అందరికీ ఒక్కసారిగా తమ బూట్లు ముద్దొచ్చాయి. తలలు వంచుకుని వాటినే చూస్తూ కూర్చున్నారు.

“నేను కడతా” అన్నాడు వెనక వరసలోంచి పలార్డీ. “పేరు మాత్రం నాదే ఉండాలి. ‘పలార్డీ పంపింగ్’ అని. గుండెల మీద, లారీ బొమ్మతో సహా.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోబెయ్ లేచాడు. “బొమ్మ కూడానా! ఆ చొక్కా వేసుకుని ఆటగాళ్లు మా ఇంటికి భోజనానికొస్తే మేం ముద్ద ఎలా మింగుతామయ్యా?”

“మింగండి గోబెయ్ గారూ, దిగులు పడకండి. మీ ఇంట్లో ఎవరు ఏం మింగినా చివరికి నా దగ్గరికే కదా వచ్చేది.”

మేడ మేడంతా ఘొల్లుమని నవ్వింది. గోబెయ్ మొహం బీటుదుంప రంగుకి తిరిగింది. నోటరీ చేతులు జోడించి మధ్యలో దూరాడు. “రొజే, నీది పెద్ద మనసు. డబ్బు నువ్వియ్యి. పేరు ‘లోయ మిత్రులు’ అని పెట్టుకుందాం. నువ్వు మా అందరి మనసుల్లో ఉంటావు.”

“మీ మనసుల్లో నేనెక్కడున్నానో నాకు తెలుసండీ. నన్ను చొక్కా మీద పెట్టండి చాలు.”

వేరే దారి లేక ఒప్పుకున్నారు. మూడేళ్ల ఒప్పందం. ఆవును అమ్మినా ముద్ర వేయించుకోమనే నోటరీ ఆ రోజు మాత్రం “మన మధ్య కాగితాలెందుకు” అన్నాడు. పలార్డీ కూడా సరే అన్నాడు. ఒక నోటరీ తన చెయ్యి పట్టుకుని ఊపుతుంటే, పిచ్చి మారాజుకి కాగితం ఎక్కడ గుర్తుంటుంది?

ఆ డబ్బు అతనూ భార్య యుగెట్టూ ఎండ కాసే ఫ్లోరిడాలో ట్రెయిలరు ఇల్లు కొనుక్కుందామని దాచుకున్నది. యుగెట్ నా కౌంటరు దగ్గరే మొగుణ్ణి నిలదీసింది.

“ఇన్నేళ్లూ నీ ఒక్కడి బట్టలే వేరేగా ఉతికాను. ఇప్పుడు ఆ కంపును ఇరవైమంది ఛాతీల మీద రుద్దుతావా?”

“ఎండ ఎక్కడికీ పోదే. జట్టు పోతుంది.”

“నీకు కావాల్సింది జట్టు కాదు. నాకు తెలీదనుకోకు.”

పలార్డీ మెల్లగా అన్నాడు. “మా నాన్న పోయినప్పుడు పెట్టె మొయ్యడానికి ఊళ్లో మనుషులు చాల్లేదు యుగెట్. శవపేటికల కంపెనీ కూలీలు మోశారు. ఆ ఇంటిపేరు ఈ ఊళ్లో జనం ఒక్కసారి గట్టిగా, అందరూ కలిసి అరవాలి. ఒక్కసారి చాలు.”

యుగెట్ వెళ్లి కారులో కూర్చుంది. మర్నాడు బ్యాంకుకి ఆమే వెళ్లింది.

మొదటి ఆట బెల్‌రోష్ వాళ్లతోనే పడింది. వాళ్ల జనం రెండు బస్సుల్లో దిగారు. మావాళ్లు మంచు మీదికి రాగానే టాయిలెట్ కాగితం చుట్టలు వర్షంలా కురిశాయి. అవతలి ఆటగాళ్లు చేతి తొడుగులతో ముక్కులు మూసుకుని గింగిరాలు తిరిగారు. మా ఊరి పెద్దలంతా సీట్లలో కుంచించుకుపోయారు. పలార్డీ మాత్రం లేచి, ఒళ్లో పడ్డ చుట్టనొకదాన్ని ఎత్తి పట్టుకుని గొంతెత్తి అరిచాడు.

“సరుకు మీరే తెచ్చుకున్నారు, సంతోషం! లారీ మేం తెచ్చాం!”

ముందు బెల్‌రోష్ వాళ్లే నవ్వారు. తర్వాత మావాళ్లు నవ్వారు. ఎవరు మొదలుపెట్టారో గానీ, మావాళ్లు పక్ బిళ్ల తీసుకుని దూసుకుపోతున్నప్పుడల్లా జనం “తోడెయ్! పలార్డీ, తోడెయ్!” అని కేకలు పెట్టడం ఆ రాత్రే మొదలైంది. ఆ కేకలకే మా సన్నాసులు నాలుగు గోల్స్ వేశారు. ఆట విరామంలో పలార్డీ కౌంటరుకి వచ్చి కాఫీ తీసుకున్నాడు. తాగలేదు.

“విన్నావా లుసెట్?”

“చెవుడొచ్చేలా విన్నాను.”

“మా నాన్న పేరది” అని కళ్లు తుడుచుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి. ఉల్లిపాయల మీదికి తోసేశాను.

ఆ చలికాలమంతా అరీనా కిటకిటలాడింది. నవ్వుకోడానికి వచ్చినవాళ్లు ఆటకు అతుక్కుపోయారు. లారీ బొమ్మ ఉన్న ఉన్ని టోపీలకు కొట్లాటలయ్యాయి. పాత అప్పులన్నీ తీరాయి. మా గోలీకి పరుపు కాకుండా జీతం వచ్చింది. మంచు కరిగేనాటికి జట్టు దగ్గర, ఊరు పుట్టాక మొదటిసారి, నాలుగు డబ్బులు మిగిలాయి.

డబ్బు మిగిలిన సంగతి గోబెయ్‌కి తెలియడం ఎంతసేపు? రెట్టింపు ఇస్తానన్నాడు. వచ్చే చలికాలానికి పేరు తనది కావాలన్నాడు. నోటరీ ఆ కబురు పలార్డీకి నా కౌంటరు దగ్గరే చెప్పాడు.

“జట్టు ఇప్పుడు తన కాళ్ల మీద నిలబడింది రొజే. అంతా నీ చలవే. అయితే నిలబడ్డ జట్టుకు గౌరవమైన పేరుండాలి కదా.”

“మూడేళ్లన్నారు నోటరీ గారూ.”

“అన్నాం. కాగితం మీద ఏమైనా ఉందా?”

ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నా చేతి గరిటెలోని గ్రేవీ నోటరీ గారి కొత్త కోటు చేతి మీద ఒలికింది. పొరపాటున ఒలికిందనే ఇప్పటికీ చెబుతున్నాను. పలార్డీ మాత్రం టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి చలికాలం మా కుర్రాళ్లు ‘గోబెయ్ గృహశోభ’ అని బంగారు అక్షరాలతో, సోఫా బొమ్మతో వచ్చారు. జనం కూడా సోఫా కొట్లోకి వచ్చినట్టే వచ్చి, చేతులు కట్టుకుని కూర్చుని, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. ఏమని అరుస్తారు పాపం, ‘సోఫా, సోఫా’ అనా? క్రిస్మస్ కల్లా సగం సీట్లు ఖాళీ. కొత్త ఏడాది రాగానే గోబెయ్ డబ్బు ఆపేశాడు. కుర్రాళ్లు తలో దిక్కూ పోయారు. ఊరివాళ్లు మంచు కరిగించేసి, అరీనాను శనివారాలు పాత సామాను సంతకు ఇచ్చుకున్నారు. నా కౌంటరూ మూతపడింది.

అప్పటికే నదికి అవతల ఇంకో కథ నడుస్తోంది. బెల్‌రోష్ జట్టుకూ ఆ ఏడు డబ్బు కట్టేవాడు లేడు. వాళ్ల అధ్యక్షురాలు, బేకరీ ఆవిడ, వేసవిలోనే పలార్డీ ఇంటికొచ్చి లారీ పక్కన నిలబడి అడిగింది. “మావాళ్లు మీ మీద అంత కాగితం విసిరారంటే అది ప్రేమ కాదటండీ? పేరు మాకివ్వండి. బొమ్మ ఎంత పెద్దదైతే మాకంత మంచిది.” అతను చాలా రోజులు ఊగిసలాడాడు. చివరికి ఇచ్చాడు. నదికి అవతల మళ్లీ “తోడెయ్” మొదలైంది. అరీనా నిండింది. మా ఊరివాళ్లు మొహాలకు మఫ్లర్లు చుట్టుకుని, ఒకరినొకరు చూడనట్టు నటిస్తూ, వంతెన దాటి వెళ్లి టికెట్లు కొనేవారు. నేను పలార్డీల కారులోనే వెళ్లేదాన్ని.

“ఇక్కడి జనం ఎలా ఉన్నారు రొజే?” అని ఒకసారి తిరిగొస్తూ అడిగాను.

“మంచివాళ్లు. బాగా అరుస్తారు” అన్నాడు. కారు వంతెన దాటాక మళ్లీ అందుకున్నాడు. “మనవాళ్లు కాదు, అంతే.”

మార్చి నెలలో ఒక ఆటకు నోటరీ విన్యో వచ్చాడు. విరామంలో మా వరస వెతుక్కుంటూ, జనం మోకాళ్లు తొక్కుకుంటూ వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

“పలార్డీ గారూ, ఊరికి జట్టు లేకపోతే ఊరు ఊరులా లేదండీ. మళ్లీ మొదలుపెడదాం. మీరు తిరిగి రండి. మూడేళ్లు కాదు, ఐదేళ్లు. కాగితం నేనే రాసి ముద్ర వేసి తెస్తాను.”

పలార్డీ కాఫీ కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అతని మొహం నాకు కనిపిస్తూనే ఉంది. బడి పిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. అయిపోయింది, ఒప్పేసుకుంటాడు అనుకున్నాను. యుగెట్ కూడా అతని చెయ్యి నొక్కింది, ఒప్పుకోమనే.

“పేరు?” అన్నాడు పలార్డీ.

“మీ పేరే. ‘పలార్డీ’ అని.”

“గుండెల మీదేనా?”

“గుండెల మీదే.”

“లారీ?”

నోటరీ గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. “లారీ ఉంటుంది. ఎందుకుండదు? కాకపోతే మేయరు గారు, గోబెయ్ గారు, అందరూ అనుకున్నదేంటంటే... కాస్త చిన్నగా, వెనకవైపు, భుజం కింద...”

పలార్డీ మెల్లగా కూర్చున్నాడు. కోపం లేదు, ఏమీ లేదు. ఆటగాళ్లు మంచు మీదికి వస్తున్నారు. జనం లేచి అతని పేరు అందుకున్నారు.

“ఆట మొదలవుతోంది నోటరీ గారూ. పక్కకి జరగండి, వెనకవాళ్లకి అడ్డం” అన్నాడు.

నోటరీ జరగలేదు. ఆ హోరులో వంగి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, ఎంత చిన్నగానో పలార్డీ కళ్ల ముందు చూపిస్తూనే ఉన్నాడు.

“ఇంతే పలార్డీ గారూ. ఇంతే. ఎవరికీ కనబడను కూడా కనబడదు.”