స్వయంగా రాసినది

కెనడాలోని విన్నిపెగ్‌లో చదువుకునే రోజుల్లో, బానిసత్వం నుంచి బయటపడినవారి ఆత్మకథలు ఆ దురాచారం రద్దుకు ఎలా తోడ్పడ్డాయో ఇంగ్లీషులో వ్యాసం రాశాను. మా ఇంట్లో తొలి పట్టభద్రుణ్ణి గనుక ప్రతి వాక్యాన్నీ మూడుసార్లు దిద్దాను. అయినా అధ్యాపకురాలు, "ఇది మీరే రాశారా? సోమవారం రుజువు చూపండి, లేదంటే సున్నా" అని మెయిల్ పంపారు.

బస్సులో పక్కన కూర్చున్న బాపట్ల ఆంటీ లైబ్రరీ ఉద్యోగి. నా దిగులు చూసి వ్యాసం అడిగి చదివారు.

"'సవినయంగా విన్నవించుకుంటున్నాను' అని ఎస్సేలో ఎవరు రాస్తారు బాబూ? డౌట్ రాదా మరి?"

"మర్యాద కదా ఆంటీ."

"సర్లే. ఆ పుస్తకాల్లో రచయిత పేరు కింద 'స్వయంగా రాసినది' అని ఉంటుంది. అది రాయలేదేం?"

"ఆత్మకథ ఎవరైనా స్వయంగానే రాస్తారు కదండీ. పునరుక్తి దోషమని వదిలేశాను."

"బానిసకు రాయడం వచ్చంటే చాలామంది నమ్మలేదు నాయనా. అందుకే వేసుకున్నారు. నిన్ను ఒక్క టీచరే కదా నమ్మనిది."

సిగ్గుపడి ఆ విషయం వ్యాసంలో చేర్చాను. సోమవారం నా చిత్తుప్రతులన్నీ పట్టుకెళ్లాను. మొదటి పేజీలో నా పేరు కింద "స్వయంగా రాసినది" అని ఉండటం చూసి అధ్యాపకురాలు పగలబడి నవ్వారు. మార్కులు బాగానే వేశారు. "సవినయంగా" మాత్రం కొట్టేశారు.