ఫోనులో పర్వతాలు మంద

కోస్గి చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు గొర్ల మంద అంటే కాపరి పర్వతాలు మందే. కోతలయ్యాక రైతులు వెతుక్కుంటూ వచ్చి తమ చేలో మంద పెట్టించుకునేవారు. రాత్రిళ్లు గొర్లు పడుకుంటే చేనుకు ఎరువు, పర్వతాలుకు గింజలు. ఎరువు బస్తాలు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఎండాకాలం పిలిచింది లింగస్వామి ఒక్కడే. ఇట్లాగే సాగితే తండ్రి చేతిలోంచి అందుకున్న మందను అమ్ముకోవాల్సిందే. ఆ ఆలోచన వస్తేనే పర్వతాలుకు ముద్ద దిగేది కాదు.

"మందను ఫోన్ల పెడ్త నాయినా," అంది డిగ్రీ చదివే కూతురు స్నేహలత. "ఎవరన్న గొర్ల మంద అని వెతికితే నీ పేరే వస్తది."

"గొర్లను ఫోన్ల పెడ్తదంట!" అని భార్య బీరమ్మ పకపకా నవ్వింది. "గా ఫోను మేపుతదా, నీళ్లు తాపుతదా?"

లింగస్వామి చేలో నిలబడే స్నేహలత ఆ పని చేసేసింది. మ్యాప్‌లో ఒక ఎర్ర గుర్తు, పక్కనే 'పర్వతాలు గొర్ల మంద' అని పేరు. లోకమంతా చూసే చోట తన పేరుందని కూతురు చెబితే పర్వతాలు పొంగిపోయాడు. ఫోనును రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"నంబరు గూడ పెడ్తున్న," అంది కూతురు.

దానికి మాత్రం ససేమిరా అన్నాడు. "ఫోన్ల బేరమేంది? రైతు మంద కాడికి రావాలె, గొర్లను చూడాలె, మాట్లాడాలె. మా నాయిన కాలం సంది గదే పద్ధతి."

కొన్నాళ్లకు మంద వేరే ఊరి దిక్కు కదిలింది. గుర్తు మాత్రం లింగస్వామి చేలోనే ఉండిపోయింది. గొర్లు నడుస్తాయి గానీ గుర్తు నడవదన్న సంగతి తండ్రికీ తట్టలేదు, చదువుకున్న కూతురికీ తట్టలేదు.

వానలు పడ్డాయి, దసరా దాటింది. ఒక్కరూ రాలేదు. చివరికి పర్వతాలు మనసు రాయి చేసుకుని, మందను కొనమని గొర్ల బేరగానికి కబురు పెట్టాడు. లారీ తెస్తానన్నాడతను. ఆ సాయంత్రమే స్నేహలత ఫోను చూసి గతుక్కుమంది.

"నాయినా, నీ మంద గురించి మంది రాసిన్రు."

"ఏమని?"

"'దూరం నుంచి వచ్చినం, మంద లేదు' అని ఒకాయన. 'మేం గూడ పోయినం, గొర్లు కనపడలే' అని ఇంకొకాయన."

పర్వతాలుకు తల కొట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక మాట తప్పినవాడు కాదు. మంద పోతే పోయింది, పేరు కూడా పోతుందా? "లింగస్వామి కాడికి పోదాం పా బిడ్డా. వచ్చినోళ్లెవరో కనుక్కొని తప్పయిందని చెప్పాలె."

మర్నాడు పొద్దున బస్సు దిగి వెళ్లిన పర్వతాలు గట్టు మీదే ఆగిపోయాడు. ఎదురుగా కంది చేను మనిషెత్తు లేచి, పసుపు పూతతో విరగబూసి ఉంది. పక్క చేలో కంది నడుము కూడా దాటలేదు. బతుకంతా అతను చూసింది కోసేసిన ఉత్త నేలలే. పైరు లేచే నాటికి మంద ఎక్కడో దూరాన ఉండేది. తన గొర్లు ఏం చేసి పోతున్నాయో ఇన్నేళ్లలో అతను ఎన్నడూ కళ్లారా చూడలేదు.

"ఇది... నా గొర్లు పండుకున్న చేనేనా?" అన్నాడు.

లింగస్వామి ఎదురొచ్చాడు. "ఎవరెవరో బండ్లేసుకొని వచ్చిన్రన్నా. ఫోను గీ జాగానే చూపిస్తున్నదంట. మంద యాడుందని అడిగిన్రు. గీన్నే పండుకొని పోయిందని చేను చూపిచ్చిన. దీన్ని, గా పక్క చేనును చూసుకుంట శానసేపు నిలబడ్డరు. కోతలు కాంగనే మా చేన్లకు రమ్మను అని చెప్పి, నంబర్లిచ్చి పోయిన్రు. నీకు చెబుదామంటే నీ నంబరు నా తాన లేకపాయె."

పర్వతాలు కళ్లు తుడుచుకున్నాడు. స్నేహలత గబగబా ఫోను తీసింది. "ముందుగాల గీ గుర్తును మన ఇంటికి మారుస్త నాయినా."

అతను కూతురి చేయి పట్టుకున్నాడు. "వద్దు బిడ్డా, గీన్నే ఉండనీ. మన ఇంటికొస్తే ఏం చూస్తరు? గీ చేనును చూడనీ. నంబరు మాత్రం పెట్టు."

ఆమె నంబరు ఎక్కించింది. పూత మీంచి చూపు తిప్పకుండానే, బేరగానికి ఫోను కలపమన్నాడు పర్వతాలు.

"లారీ తేకు తమ్మీ," అన్నాడు. "గొర్లకు పని పడ్డది."