దారం తెచ్చుకోమన్న మేడమ్

ఇవాళ నేను పాఠాలు చెప్పే కాలేజీ పరీక్ష హాల్లో, అడిషనల్ షీట్లు కట్టుకునే తెల్లదారం ముక్కలు పంచుతున్నాను. ఆ నూలు వేళ్లకి గరుకుగా తగిలేసరికి గ్రేస్ మేడమ్ గారు గుర్తొచ్చారు. తొంభైల్లో, రాజమండ్రిలో నాకు ఇంటర్ లెక్కలు చెప్పారావిడ. ఆవిడకి నేను చేసిన అన్యాయం ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

ప్రతి శనివారం పెట్టే పరీక్షకి ఇంటి నుంచే దారం తెచ్చుకోమనేవారు. నాలుగే లెక్కలు, మూడు గంటలు. ఒక్క స్టెప్పు ఎగరగొట్టినా, జవాబు సరైనదే అయినా, పక్కన ఎర్రసిరాతో ‘ఎందుకు?’ అని రాసేవారు. నాకేమో ఎంసెట్ బిట్ల పిచ్చి. ఇచ్చిన నాలుగు ఆప్షన్లనీ ఒక్కొక్కటే లెక్కలో పెట్టి చూస్తే ఏదో ఒకటి సరిపోయేది. ఇక లెక్క చేసే పనేముంది?

“జవాబు వచ్చిందిగా మేడమ్” అన్నానొకసారి.

“వచ్చింది రా. ఎలా వచ్చిందో చెప్పు” అన్నారు.

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండో ఏడు ఆవిడ క్లాసులు ఎగ్గొట్టి బిట్ల కోచింగుకి పోయాను. మంచి ర్యాంకే కొట్టాను కూడా.

ఇంజినీరింగ్ మొదటి ఏడు లెక్కల పేపరు చేతికొచ్చింది. ప్రశ్నలున్నాయి, పెట్టి చూసుకోవడానికి ఆప్షన్లు లేవు. ఫెయిలయ్యాను. మళ్లీ రాసినా అదే గతి.

ఆ సెలవుల్లో ధవళేశ్వరం బస్సులో మేడమ్ కనిపించి, పక్కన చోటిచ్చారు.

“ఎలా చదువుతున్నావు నాన్నా?”

“ఫస్ట్ క్లాసండి.” సిగ్గు లేకుండా అనేశాను.

ఆవిడ ముఖం వెలిగింది. “అయితే నేనే పొరపాటు పడ్డానేమో. పిల్లల్ని ఊరికే రాయించి చంపుతున్నానని అందరూ అంటూనే ఉన్నారు. ఈ ఏడాది నుంచి నేనూ బిట్లే పెడతాలే” అన్నారు.

వద్దండి అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. అంటే ఫెయిలైన సంగతి బయటపెట్టాలి కదా! స్టాపు రాగానే దిగిపోయాను.

తర్వాత ఆ కాలేజీలోనే చేరిన మా బాబాయి కూతురిని అడిగాను, దారం తీసుకెళ్తున్నావా అని. “దారమేంటన్నయ్యా? మాకు మేడమ్ అన్నీ బిట్లే పెడతారు” అంది. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. చివరికి నిజం చెబుదామని వెళ్లేసరికి ఆవిడ పోయి నెల దాటింది.

ఆ ఇంజినీరింగ్ లెక్కల పేపరు మూడోసారి రాసి నేను గట్టెక్కింది ఆవిడ దిద్దిన పాత పేపర్లు ముందేసుకునే. అవి ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, అదే దారంతో కట్టి. ప్రతి ‘ఎందుకు?’ పక్కనా జవాబు రాశాను. దిద్దడానికి ఆవిడ లేరు.