ఆపా గాజులు

మెట్‌పల్లిల మేము కిరాయికున్న ఇంటికి, ఆపా వాళ్ల ఇంటికి నడుమ ఒక్కటే గోడ. ఆపా నా తోడబుట్టింది కాదు. పక్కింటి ముస్లింల కోడలు, నాకంటే పెద్దది, పెండ్లీడుకొస్తున్న బిడ్డ ఉన్నది. వాళ్లల్ల అక్కను అట్ల పిలుస్తరని నేనూ అట్లనే పిలిచిన. ఇంటిపని ఒడిసినంక ఇద్దరం వాళ్ల అరుగు మీద చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసేటోళ్లం. ఉర్దూల మొదలువెట్టి తెలుగుల ఒడగొట్టే ఆమె ముచ్చట్లకు నవ్వలేక సచ్చేదాన్ని.

మా ఆయన ఆటో నడిపేటోడు. ఆటో ఫైనాన్సుల తీసుకున్నం. ముందుగాల కట్టనీకి నా మెడల పుస్తెలు తప్ప ఉన్న బంగారమంతా కుదువకు పోయింది. నెలనెల కిస్తు కట్టుకుంట ఎట్లనో నెట్టుకొస్తుంటే ఆయనకు కడుపునొప్పి లేచింది. కరీంనగర్‌ల దవాఖానకు తీసుకపోతే అపెండిక్స్ పగిలిందన్నరు. ఆపరేషన్‌కు పైసలు కట్టమన్నరు. మా మరిదిని ఆయన కాడ ఉంచి నేను పైసల కోసం ఇంటికి వచ్చిన.

తెలిసినోళ్లందరిని అడిగిన. ఎవరి తిప్పలు వాళ్లయి. ఆఖరుకు ఆపా వాళ్ల అరుగు మీద కూలవడ్డ. ఆమె అంతా విని లోపల ఉన్న భర్త కాడికి పోయి, జరసేపటికి బయటకు వచ్చింది. సబ్బు నురుగు రాసి గుంజినట్టుంది, మణికట్టు ఎర్రగ కందింది. తడి తడిగ ఉన్న బంగారు గాజులు నా చేతుల పెట్టింది.

"ఇవి నీ పెండ్లివి గద ఆపా. మీ ఆయన ఏమంటడో?"

"ఆయనే తీసియ్యమన్నడు. ముందు మనిషిని దక్కించుకో చెల్లె. గాజుల ఫికర్ చెయ్యకు."

ఆ గాజులు కుదువపెట్టి ఆపరేషన్ చేయించిన. ఆయన బతికిండు గని శాన రోజులు ఆటో ఎక్కలే. ఇటు కిస్తు, అటు కుదువల ఉన్న గాజుల మీద పెరిగే మిత్తి. ఫోన్‌ల జల్దిన అప్పిస్తరట, తీసుకుందామన్నడు ఆయన. నేను వద్దన్న. ఆటో అమ్మి ఫైనాన్సు బాకీ తీర్చి, మిగిలిన కొన్ని పైసలు గాజుల మీద కట్టినం. కోలుకున్నంక ఆయన వేరేటోళ్ల ఆటో నడిపిండు. నా బీడీల కూలి గాజులకే పక్కకు పెట్టిన.

నడుమ ఆపా బిడ్డకు సంబంధం కుదిరింది. మాట ఖాయం చేసుకునే నాడు నేను వాకిట్ల ఉల్లిగడ్డలు కోస్తున్న. కాబోయే వియ్యపురాలు ఆపా చేతులు చూసి, బంగారు గాజులు ఏమైనయని ఉర్దూల అడిగింది. ఆపా తడుముకోలే. పాలిష్‌కు ఇచ్చిన అన్నది. నేను తల ఎత్తలేకపోయిన.

గాజులు ఇంకా విడిపియ్యకముందే వాళ్లు ఆదిలాబాద్ పోయే దినం వచ్చింది. ఆపా భర్త పరుపుల దుకాణం ఈడ నడుస్తలేదు. ఆడ ఆయన తమ్ముడు పత్తి వ్యాపారంల ఉన్నడు. సామాన్ల లారీ కాడ నిలవడి, "గాజులు తెచ్చిస్త ఆపా" అన్న.

"తేకపోతే నేనే వచ్చి నీ ఇంట్ల కూసుంట" అని నవ్వింది.

లారీ పోయినంక ఆ వాకిలి దిక్కు చూడబుద్ధి కాలే.

గాజులు విడిపించిన నాడు ఇంటికి కూడ పోలే. ఆయనా నేనూ అటునుంచి అటే బస్సెక్కి, నిర్మల్‌ల మారి ఆదిలాబాద్ చేరినం. బస్సుల నుంచి ఫోన్ చేసినం గనుక, ఆపా వాళ్ల గల్లీ మొదట్ల నిలవడి ఉన్నది. గాజులు చేతికిస్తే వాటి దిక్కు చూడనే లేదు. "గింత బక్కగైనవేందే" అని నా ముఖం రెండు చేతులతోటి పట్టుకున్నది. ఆ దినమంతా వంటింట్ల కూసొని మాట్లాడుకున్నం. మేము వచ్చేటప్పుడు బస్సు కదిలేదాంక ఆపా కిటికీ చువ్వ ఇడిచిపెట్టలే.

ఇప్పుడు బాకీ లేదు. దవాఖాన ఖర్చేదన్న మీదవడితే అక్కరకొస్తదని మహిళా సంఘంల నెలకింత దాస్తున్న. పక్కింట్లకు కొత్తోళ్లు వచ్చిండ్రు. మంచోళ్లే గని పొద్దంతా పనికి పోతరు.

నిన్న ఆపా ఫోన్ చేసింది. ఆదిలాబాద్‌ల చలి షురువైందట. నేను చలికాలం పోయినంక వస్తనన్న.

"రావాలని ఉంటే చలి అడ్డమా?" అన్నది.

ఫోన్ పెట్టినంక, నిర్మల్‌కు పొద్దుగాల బస్సు ఎప్పుడున్నదో కనుక్కొమ్మని ఆయనకు చెప్పిన.