ఏ మందు ఆపమన్నాను?

2001 అక్టోబరు. గుంటూరు నుంచి నల్లపాడు వెళ్ళే రోడ్డు మీద ఒక చిన్నపిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేరి అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మా డాక్టరు గారు మంచి వైద్యుడే గానీ మాటల దగ్గర మహా పొదుపు. బిడ్డను చూసి, చీటీ రాసి, రెండు ముక్కలు చెప్పి, "మిగతాది సిస్టరు చెబుతుంది" అనేవారు. ఆ మిగతాది చెప్పడమంటే నాకు సరదా. దాచుకోవడమెందుకు, గర్వం కూడా. ఎంత నోరు తిరగని ఇంగ్లీషు జబ్బునైనా పల్లెటూరి మనిషికి తేట తెలుగులో చెప్పగలనని అనుకునేదాన్ని. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాప పేరు శ్రావణి, రెండున్నరేళ్ళు. తండ్రి కోటేశ్వరరావు ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్ళో పత్తి రైతు. తల్లి పద్మ. పాపకు మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ చర్మం ఎర్రగా చిట్లి రసి కారుతోంది. గోక్కోకుండా చేతులకు పాత మేజోళ్ళు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఆ పిల్ల ఏడవడం కూడా మానేసింది. మేజోడు చేత్తోనే మెడ రుద్దుకుంటూ కూర్చుంది.

"గజ్జి అని ఎవురూ తమ పిల్లల్ని దీని దగ్గరికి రానియ్యటం లేదండీ. రాత్రిళ్ళు కంటి మీద కునుకుండదు దీనికి," అంది పద్మ.

అది గజ్జి కాదు, ఎగ్జిమా. గజ్జి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, ఎగ్జిమా అంటుకోదు. ఎందుకొస్తుందంటే మాత్రం చెప్పడం కష్టం. ఇన్నేళ్ళు చూశాక కూడా నాకు దాని నడక పూర్తిగా అంతుబట్టలేదు.

ఇంతకుముందు ఏం వాడారని డాక్టరు గారు అడిగితే పద్మ సంచిలోంచి ఖాళీ సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ గులాబీ రంగు సిరప్పులే. జలుబుకొకటి, విరేచనాలకొకటి, ఒళ్ళు వెచ్చబడితే ఒకటి, ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చినవి. అన్నీ యాంటీబయాటిక్‌లు, అంటే జబ్బు చేసే బ్యాక్టీరియాను చంపేవి. చిక్కేమిటంటే పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. దాన్నీ అవి వదిలిపెట్టవు. పేగుల్లో ఆ మంచి బ్యాక్టీరియా తగ్గితే చర్మం ఇలా తిరగబడుతుందేమోనని ఆ రోజుల్లో డాక్టర్లు అనుకుంటుండేవారు.

"రుజువైన సంగతేం కాదు, ప్రయత్నిద్దాం," అన్నారు డాక్టరు గారు. అవసరం లేని యాంటీబయాటిక్ ఆపాలి. రెండు పూటలా పెరుగన్నం పెట్టాలి. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, అంటే మంటను అణిచే పూత, పలచగా రెండు వారాలు రాయాలి. స్నానం కాగానే కొబ్బరినూనె పట్టించాలి.

పెరుగు, పూత, నూనె సంగతి పద్మకు చెప్పాను. అంతలో పాప రాగం తీస్తే ఎత్తుకుని వరండాలోకి వెళ్ళింది. అసలు ఉపన్యాసం కోటేశ్వరరావు గారొక్కరే విన్నారు.

"చూడండి, పురుగులన్నీ చెడ్డవి కావు. మేలు చేసేవీ ఉంటాయి. అవి చెడ్డ పురుగుల్ని అదుపులో పెడతాయి. అయినదానికీ కానిదానికీ మందు వాడితే చెడ్డవాటితోపాటు మంచివీ చస్తాయి. ఆ దెబ్బ చివరికి పిల్ల ఒంటి మీద పడుతుంది."

'కడుపులో' అన్న మాట అన్నానో లేదో ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రావడం లేదు.

ఆయన ముఖం వెలిగింది. "మిత్ర పురుగులు గదండీ? మొన్న వ్యవసాయ శాఖ వాళ్ళు మా ఊరొచ్చి చెప్పారు."

నేను పొంగిపోయాను. "అవే! అచ్చంగా అవే!" వ్యవసాయ శాఖ వాళ్ళు పేగుల గురించి ఎందుకు చెబుతారన్న ఆలోచన రావద్దూ? రాలేదు.

"అయితే మందు తగ్గించమంటారా?"

"తగ్గించడం కాదు, మానెయ్యాలి. మేం మళ్ళీ చూసేదాకా ఒక్క చుక్క కూడా పడకూడదు."

"ఇప్పుడా? ఇప్పుడు మానేస్తే ఎట్టాగండీ?"

నాకు చిరాకేసింది. "కోటేశ్వరరావు గారూ, మీకు పిల్ల ముఖ్యమా, మందు ముఖ్యమా?"

ఆయన తలొంచుకున్నారు. "పిల్లేనండీ," అన్నారు.

ఆరు వారాలకు మళ్ళీ వచ్చారు. పాప చేతులకు మేజోళ్ళు లేవు. మెడ శుభ్రంగా ఉంది. మోకాళ్ళ వెనక పాత మచ్చలు తప్ప ఏమీ లేవు. డాక్టరు గారు పాపను అటూ ఇటూ తిప్పి చూసి ఆశ్చర్యపోయారు. ఇక నన్ను పట్టేవాళ్ళెవరు!

"చూశారా, మందు ఆపితే ఎంత గుణమో!" అన్నాను.

"ఆపానండీ. మీరు చెప్పిన కాడి నుంచి ఒక్కసారి కూడా కొట్టలేదు," అన్నారాయన.

కొట్టలేదు. ఆ మాట చెవిలో గుచ్చుకుంది. మందు తాగిస్తారు, పోస్తారు, రాస్తారు. కొట్టేది చేలో.

"ఏం కొట్టలేదండీ?"

"మందేనండీ, పత్తికి. పచ్చపురుగు కాయల్లో దూరింది. చేను పోయింది. చుట్టూ అందరూ కొడతంటే నువ్వొక్కడివీ గట్టు మీద నిలబడి చూస్తావేందిరా, పిచ్చెక్కిందా అన్నాడు మా అన్న. పోనీలెండి. పిల్ల నిద్రపోతంది, అది చాలు."

వెంటనే పద్మ వైపు తిరిగి అడిగాను, "మరి ఆ గులాబీ సిరప్పు ఆపారా?"

"అది ఆపమని నాకెవురూ చెప్పలేదే? మధ్యలో దగ్గొస్తే ఆర్ఎంపీ గారు రెండుసార్లు ఇచ్చాడు, తాపాను."

ఆపమన్నది ఆపలేదు, ఆపక్కర్లేనిది ఆపారు, పిల్లకు తగ్గింది. దేనివల్ల? పూత వల్లనా? రాసింది రెండు వారాలే. పెరుగు వల్లనా? మధ్యలో సిరప్పు పడింది కదా. మరి చేలో మందు? ఇదివరకు ఆయన మందు కొట్టిన బట్టలతోనే వచ్చి పాపను ఎత్తుకునేవారట. ఆ బట్టలూ పాప గౌన్లూ ఒకే బకెట్లో నానేవట. అదే కారణమందామంటే ఊరంతా కొడుతూనే ఉంది, గాలి ఆగిందా? నాకు తల తిరిగిపోయింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. పిల్లకు తగ్గింది, తండ్రి తృప్తిగా ఉన్నాడు. కానీ ఊరుకోలేకపోయాను. "తప్పు నాదండీ. నేనన్నది చేలో మందు కాదు, పిల్లకు పోసే సిరప్పు. పురుగులంటే కడుపులో ఉండేవి," అన్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆయన అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. డాక్టరు గారి వైపు తిరిగారు.

"అయితే నేను కొట్టినా పిల్లకు తగ్గేదాండీ?"

"చెప్పలేనయ్యా. తగ్గేదేమో. తెలియదు."

"మీకే తెలవకపోతే నేనెవర్నడగను?" అన్నారు. అందులో కోపం లేదు. నిజంగానే అడిగారు.

మరుసటి ఏడు అదే రోజుల్లో పాపకు జ్వరమని తీసుకొచ్చారు. మోకాళ్ళ వెనక కొద్దిగా ఎరుపు కనిపించింది. అడగడానికి భయపడుతూనే అడిగాను, ఈ ఏడు కొట్టారా అని.

"కొట్టానండీ. ఆ బట్టలు చేలోనే ఇడిచేసి, బోరు కాడ నీళ్ళు పోసుకునిగానీ ఇంటికి రావటం లేదు. పెరుగు పెడతన్నాం. సిరప్పు మానేశాం. నూనె రాస్తన్నాం. ఏది పనిచేస్తందో తెలీదు గదండీ, అందుకని అన్నీ చేస్తన్నాం."

ఆ సంఘటన తర్వాత నేను ఉపన్యాసాలు తగ్గించాను. మందు అన్న మాట విడిగా అనను. సీసా చేతికిచ్చి, మూత మీద వేలు పెట్టించి, నేను చెప్పింది మళ్ళీ నాకు చెప్పమంటాను. చెప్పేదాకా చీటీ ఇవ్వను. విసుక్కునేవాళ్ళున్నారు, విసుక్కోనీ. ఆ రోజు ఆయన చేతిలోనూ జ్వరం సీసా పెట్టి చెప్పమన్నాను.

"ఈ సీసాలోది, ఈ మూతకు సగం, జొరం ఉంటేనే పొయ్యాలి. జొరం తగ్గితే ఆపాలి. చేలో మందు సంగతి మీరేం చెప్పటం లేదు," అన్నారు. నా ముఖంలోకి చూసి మళ్ళీ అడిగారు. "ఏం చెప్పటం లేదు గదండీ?"

"లేదండీ," అన్నాను. "అది మాకూ తెలియదు."