చిన్నాయన పాస్‌వర్డ్

మూసాపేటలో మెట్రో దిగానో లేదో చిన్నమ్మ ఫోన్. "బిడ్డా, ఏడున్నవ్? మీ చిన్నాయన ట్యాబ్ ఒళ్లో పెట్టుకొని కూసున్నడు, అన్నం గూడ తింటలేడు. నేనైతే దేన్నీ ముట్టలే."

హైటెక్ సిటీలో పొద్దంతా ఎవరెవరి లాగిన్ గొడవలో తీర్చే ఉద్యోగం నాది. ముట్టుకోలేదన్నారంటే అన్నీ ముట్టుకున్నారనే అర్థం.

చిన్నాయన సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సంతా వినపడే గొంతు. పక్షవాతం వచ్చాక చేయి కాస్త కుదురుకుంది గానీ మాట కుదురుకోలేదు. అనాల్సింది మనసులో ఉంటుంది, నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మాట నేర్పే టీచరమ్మ ట్యాబ్‌లో క్లాసు చెబుతుంది. ఈ మొదటి నెలల్లో పట్టుకుంటేనే మాట తిరిగొస్తుందని, క్లాసు తప్పితే సీటు ఇంకొకరికి పోతుందని ఆమె ముందే చెప్పింది. ఆరోజు క్లాసు నాలుగింటికి.

నేను వెళ్లేసరికి అసలు యాప్ లేదు. అది గుండ్రంగా తిరుగుతూ ఆగిపోయిందని చిన్నమ్మ తీసేసి మళ్లీ ఎక్కించబోయింది. ట్యాబ్ ఏది అడిగినా 'సరే' నొక్కడం ఆమె మర్యాద. ఆ మర్యాదలో ట్యాబ్‌లోంచి చిన్నాయన ఖాతా కూడా ఎగిరిపోయింది. ఆ ఖాతాలోకి వెళ్తే గానీ యాప్ దిగదు, వెళ్లాలంటే పాస్‌వర్డ్ కావాలి. మరిచిపోయామంటే ఓటీపీ ఎప్పుడో మూతబడ్డ పాత నంబరుకు పోతోంది. కొత్త ఖాతా తెరుద్దామంటే సీటు పాతదాని మీద ఉంది. టీచరమ్మ ఫోన్ ఎత్తదు. ఒళ్లు మండింది నాకు, ఎవరి మీద అన్నదే తేలలేదు.

మా ఇంట్లో పాస్‌వర్డ్ అంటే దేవుడి పేరో పిల్లల పేరో, దాని తోకకి ఒకటి రెండు మూడు. వరసపెట్టి కొట్టాను. ఏదీ కాదు. చిన్నమ్మ పేరూ కొట్టాను.

"నా పేరు ఆయన ఎన్నడన్న పలికిండా?" అని నవ్వింది.

నిజమే. మా వైపు కోడళ్లను పుట్టింటి ఊరితో పిలుస్తారు. చిన్నాయన కూడా పెళ్లయిన నాటి నుంచి ఆమెను అలాగే పిలిచేవాడు. జబ్బు చేశాక ఆ పిలుపు కూడా పోయింది. ఇంకోసారి తప్పు కొడితే ఖాతాకు తాళం పడుతుందని ట్యాబ్ బెదిరించింది.

చిన్నాయనకు తెలుసు. ట్యాబ్ వైపు వేలు చూపిస్తూ పెదవులు కదుపుతున్నాడు.

"ఏంది? ఎల్లమ్మనా? బండి నంబరా? మనవరాలి పేరా?" చిన్నమ్మ అందిస్తూనే ఉంది.

జబ్బు చేసినప్పటి నుంచి అందరం అదే పని. ఆయన నోరు తెరిస్తే చాలు, నీళ్లా, చాయా, ఫ్యాన్ వేయాలా అని మేమే పూర్తి చేసేస్తాం. ప్రేమతోనే. ఆయన ఏదో ఒకదానికి తలూపి ఊరుకుంటాడు. ఆ తలూపడం చూస్తే నాకు ఏడుపొస్తుంది.

"చిన్నమ్మా, జర ఆగు. ఇది మనకు తెల్వదు. ఆయననే చెప్పనీ," అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గడియారం చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. మెడ నరాలు పైకి తేలాయి.

"హ," అన్నాడు. ఆగాడు. చిన్నమ్మ ముందుకు వంగి, తనే వెనక్కి తగ్గింది.

"హఫీ..." ఆయనకు చెమట పట్టింది. నాకూ పట్టింది.

"హఫీజ్‌పేట్."

"ఆఁ, ఏందయ్యా?" అంటూ చిన్నమ్మ పిలిస్తే పలికినట్టే పలికేసింది. అప్పుడు గానీ తనేం విన్నదో ఆమెకు తెలియలేదు. కొంగు కళ్ల మీదికి పోయింది. "మళ్లొకపారి పిలువయ్యా," అంది.

ఆయన పిలవలేకపోయాడు. నవ్వాడు, పెదవి ఒక పక్కకే కదిలింది. నేను తల దించుకుని ఆ ఊరి పేరు కొట్టి ఒకటి రెండు మూడు తగిలించాను. ఖాతా తెరుచుకుంది. యాప్ దిగింది.

నాలుగింటికి టీచరమ్మ తెర మీదికి వచ్చింది. "బాగున్నారా అండీ? మీ పక్కన కూర్చున్నది ఎవరండీ?" అని చిన్నాయనను అడిగింది.

చిన్నమ్మ చెప్పబోయి నోరు మూసుకుంది. చిన్నాయన ఆమె వైపు తిరిగి "హ" అన్నాడు.

మేమిద్దరం ఆగాం.