తూకం బావ తాబేలు

తూకం బావకి ఒకే ఒక్క అలవాటు. ఎవరేం చెప్పినా చివరిదాకా వింటాడు, తలాడిస్తాడు, "చాలా మంచి మాట" అంటాడు, తర్వాత తాననుకున్నదే చేస్తాడు. డాక్టరు ఉప్పు మానేయమంటే "చాలా మంచి మాట" అని, ఇంటికొచ్చి జామకాయకి ఉప్పద్దుకుని తిన్నాడు. లిఫ్టు చెడిపోయింది, మెట్లెక్కండి సార్ అని ఆఫీసు వాచ్‌మన్ చెబితే "చాలా మంచి మాట" అని, లిఫ్టు బాగయ్యేదాకా దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అలాంటి మనిషికి దేవుడు ఎలాంటి ఉద్యోగం ఇచ్చాడో చూడండి. లక్షలమంది ఫోన్లలో ఆడుకునే ఒక యుద్ధాల ఆటలో ఏ పాత్ర మరీ రెచ్చిపోతుంటే దాని బలం తగ్గించాలి, ఏది మరీ చతికిలబడుతుంటే దానికి కాస్త పెంచాలి. అందుకే ఆ పేరు. ఆయన చేసే ప్రతి మార్పుకీ ఆటగాళ్ళు శాపనార్థాలు పెడతారు. ఆ శాపనార్థాలు చదివి, సారం తీసి, ఆయనకి అందించడానికి కంపెనీ ప్రత్యేకంగా ఒకణ్ణి పెట్టింది. అతనే లెక్కలబ్బాయి, స్వయానా తూకం బావ చెల్లెలి మొగుడు.

ఈ కథంతా లెక్కలబ్బాయి వైపు నుంచే చెప్పుకోవాలి కాబట్టి అతని తెలివి ఏపాటిదో ముందే చెప్పేయడం న్యాయం. స్టాటిస్టిక్స్‌లో పెద్ద చదువే చదివాడు. ఈమధ్యే తండ్రయ్యాడు. పాప తుమ్మినప్పుడల్లా కంప్యూటర్లో ఒక చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపి గీత గీశాడు. అది పట్టుకెళ్ళి పిల్లల డాక్టరుకి చూపిస్తే ఆవిడ కళ్ళజోడు తీసి, "నాయనా, తుమ్మితే ముక్కు తుడవాలి" అంది.

"ఏవండీ, పాపని కాసేపు ఎత్తుకోండి, చెయ్యి లాగేస్తోంది" అని భార్య అడిగితే, "ఒక్క నిమిషం, ఈ గీత పైకి పోతోందో కిందికి పోతోందో తేలిపోతుంది" అనేవాడు. ఆ నిమిషం పాప నిద్రలేచేదాకా సాగేది.

ఇంతటి శాస్త్రజ్ఞుడి దుంప తెంచింది ఒక తాబేలు.

అది బావ కొత్తగా ఆటలో పెట్టిన పాత్ర. పరిగెత్తదు, గురి చూడదు. బొటనవేలు ఆనిస్తే చిప్పలోకి దూరుతుంది, వేలెత్తితే బయటికొచ్చి దగ్గర్లో ఉన్నవాణ్ణి ఒక్క తోపు తోస్తుంది. తిట్లు వరదలా వచ్చాయి. "తాబేలు తల లోపలికి లాక్కుంటే మా బాణాలన్నీ దండగ. దాన్ని తయారుచేసినవాడి తల కూడా లోపలే ఉన్నట్టుంది" అని ఒకడు రాశాడు. ఆ రాసినవాడు లెక్కలబ్బాయే. దొంగపేరుతో రాసి, మర్నాడు దాన్నే ప్రజాభిప్రాయం కింద ఒక రంగుల పటంలో ఎక్కించి బావ ముందు పెట్టాడు.

"బావా, జనం గగ్గోలు పెడుతున్నారు. తాబేలుని తగ్గించాలి."

"చాలా మంచి మాట."

"తగ్గిస్తారా మరి?"

"ఈ పటంలో గులాబీ రంగు భలే కుదిరింది బావా" అన్నాడు తూకం బావ.

లెక్కలబ్బాయి కడుపుమంటకి కారణముంది. రోజూ భోజనాల వేళ విలుకాడి వేషంలో ఆటలోకి దిగేవాడు. "గురితప్పడు" అని పేరు కూడా పెట్టుకున్నాడు. రోజూ "నిద్రకరువు" అనే ఒక తాబేలు అతన్ని చెరువులోకి తోసేది. తిరిగొచ్చేవాడు, మళ్ళీ తోసేది.

చివరికి మేడం మీటింగు పెట్టింది. మేడం అంటే కంపెనీ యజమానురాలు.

"తాబేలు ఉండాలని ఒక్కరైనా రాశారా?" అని అడిగింది.

"ఒక్కరూ రాయలేదు మేడం" అన్నాడు లెక్కలబ్బాయి, సంతోషం దాచుకోలేక.

"అయితే సాయంత్రానికల్లా తగ్గించండి. మీ బావ మాట వినకపోతే ఆయన సీటు కూడా మీరే తీసుకోండి."

అందరూ తూకం బావ వైపు చూశారు. ఆయన మొదటిసారి "మంచి మాట" అనలేదు. "తగ్గిస్తే అది చచ్చిపోతుంది మేడం" అన్నాడంతే.

ఆ మధ్యాహ్నం పాపకి టీకా వేయించాలని లెక్కలబ్బాయి తొందరగా ఇంటికి వెళ్ళాడు. భార్య మంచం మీద గోడకానుకుని ఉంది. ఎడమ భుజం మీద పాప నిద్రపోతోంది. కుడిచేతిలో ఫోను. బొటనవేలు కింద తాబేలు.

"చప్పుడు చేయకండి, ఇప్పుడే పడుకుంది" అంది గుసగుసగా. "ఈ వేళకి ఒకడొస్తాడండీ, గురితప్పడు అని. పేరే గానీ ఒక్క బాణమూ తగలదు. తోస్తానని తెలుసు, అయినా మీదమీదకొస్తాడు. ఇవాళింకా రాలేదేంటో."

"ఏదో పనిపడి ఉంటుంది" అన్నాడు లెక్కలబ్బాయి నీరసంగా.

"పాపం, బుర్ర కాస్త తక్కువనుకుంటా. కానీ వాడుంటే పొద్దు గడిచిపోతుంది."

"నీకీ తాబేలే ఎందుకు?"

"వేరేవాటికి రెండు చేతులు కావాలి కదండీ. అన్నయ్య ఆమధ్య పాపని చూడ్డానికొచ్చి, నేను ఒంటిచేత్తో ఆడి ఓడిపోతుంటే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. కొన్నాళ్ళకి ఈ తాబేలొచ్చింది. దీన్ని ఆడేవాళ్ళంతా మాలాంటివాళ్ళే. ఒకామెకి చేతికి కట్టు. ఇంకొకాయన మంచాన పడ్డ వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఆడతాడు."

లెక్కలబ్బాయి వంటగదిలోకెళ్ళి బావకి ఫోన్ చేశాడు.

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"చెప్పబోయాను. నువ్వు ఒక్క నిమిషం అన్నావు."

తర్వాత మేడంకి చేశాడు. "తాబేలుని ముట్టుకోవద్దు మేడం."

"ఉంచమని ఎవరైనా రాశారా?"

"రాయడానికి వాళ్ళకి చేతులు ఖాళీ లేవు మేడం."

"మరి ఆ విలుకాళ్ళకి ఏం చెబుతారు?"

"దూరంగా నిలబడి బాణాలేయమంటాను. అది పరిగెత్తదు కదా."

"ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ తోచలేదా?"

"మంచి చదువులు చదివినవాళ్ళం మేడం, తోచదు."

టీకా వేయించుకొచ్చాక పాపని అతనే భుజానేసుకున్నాడు. భార్య చేతులు రెండూ చాచి, వేళ్ళు విరుచుకుని, విలుకాడి వేషం ఎంచుకుంది. అతను ఒంటి బొటనవేలితో తాబేలయ్యాడు. ఆవిడ దూరంగా నిలబడింది. అతను తల బయటపెట్టినప్పుడల్లా ఒక బాణం వచ్చి తగిలింది.

"ఇది అన్యాయం! ఈ బాణాల బలం తగ్గించాలి" అన్నాడు.

"అయితే ఫిర్యాదు రాయండి" అంది ఆవిడ నవ్వుతూ.

రాద్దామనే పాప కింద నుంచి చెయ్యి తీయబోయాడు. పాప మూలిగింది. చెయ్యి ఉన్నచోటే ఉంచేశాడు.